వ్రతం రోజున పట్టుచీర కొంగుకి, పంచెకి, పరుపుకి రక్తం మరకలు. ఎలా వదిలించాలి?

రాజోలు కోడలు

అందరికీ నమస్కారమండి. తెలిసినవాళ్ళు కాస్త త్వరగా సాయం చెయ్యండి.

నిన్న శ్రావణ శుక్రవారం, మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. కలశానికి, వాయనాలకి కాయలు కావాలని మా మావయ్యగారు పెరట్లో గునపం దగ్గర కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఆయనకి 70 దాటాయి. ఒలుపువాళ్ళు ఎవరూ దొరకలేదని తనే మొదలుపెట్టారు. కాయ జారి గునపం మొన అరచేతిలో దిగింది. గుండెకి స్టెంటు వేసిన దగ్గర్నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, దాంతో ఎంత పట్టుకున్నా ఆగలేదు. పూజ దగ్గర్నుంచి లేచి పరుగెత్తాను, చేతికి ఏ గుడ్డా అందక కట్టుకున్న చీర కొంగుతోనే గట్టిగా అదిమిపట్టాను. ఆసుపత్రిలో కుట్లు వేశారు, టీటీ ఇంజక్షన్ చేశారు. ఇప్పుడు నిమ్మళంగానే ఉన్నారు.

ఇక మరకల సంగతి. చీర ఉప్పాడ జాందానీ పట్టు. మీగడ రంగు, మెరూన్ అంచు, కొంగు నిండా జరీ బుటాలు. పెళ్ళికి మా అమ్మ పెట్టింది. కొంగు మీద అరచెయ్యంత మరక, రాత్రికే గోధుమరంగుకి తిరిగిపోయింది. భయపడి ఇంకా నీటి చుక్క కూడా తగలనివ్వలేదు.

మావయ్యగారిది తెల్ల గ్లాస్గో పంచె. దాన్ని వెంటనే చన్నీళ్ళలో పడేశాను. ఎరుపు చాలావరకు పోయింది గానీ పసుపు చాయ మిగిలింది, అక్కడక్కడ నల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. ఆ నలుపు ఎక్కడిదో అర్థం కావట్లేదు. మంచం మీది దుప్పటిని మా ఆడపడుచు కంగారులో మరిగే నీళ్ళు పోసి పౌడర్లో నానబెట్టేసింది. అది ముదురు గోధుమరంగుగా కరుచుకుపోయింది. దాని కింద బూరుగుదూది పరుపు, దానికీ కొంచెం ఇంకింది. హాలు పాత ఎర్ర గచ్చు, బయట అరుగు మీద కడప రాళ్ళు. వాటి మీద చుక్కలు చుక్కలుగా ఎండిపోయింది.

మా వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, నిలవ ఉంటే బకెట్ అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. అది కూడా లెక్కలో వేసుకుని చెప్పండి.

మావయ్యగారు నిన్నట్నుంచి "నా మూలాన నీ పెళ్ళిచీర పాడైపోయిందమ్మా" అని అన్నం కూడా సరిగా తినట్లేదు. చీర ఎంత పాతదైనా పరవాలేదు నాకు, ఆయన అలా బాధపడటమే చూడలేకపోతున్నాను.

భీమవరం నుంచి

అయ్యో, పెద్దాయన జాగ్రత్తండీ. పంచెకి నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో పెట్టండి, పోతుంది. నేలకైతే మేం చేపలు కోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద బాత్‌రూం యాసిడ్ కొంచెం పోసి కడిగేస్తాం. తళతళలాడిపోతుంది.

పాలకొల్లు ఇస్త్రీ షాపు

చెల్లెమ్మ గారూ, మీ సంగతికి వచ్చేముందు ఒక మాట. భీమవరం ఆయన మంచి మనసుతోనే చెప్పారు గానీ ఆ రెండో పని మాత్రం ఎవరూ చెయ్యొద్దండి. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు వేసిన బాత్‌రూంలో ఆ గ్యాస్ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి వస్తుంది. భీమవరం బాబూ, మీరు కూడా ఇవాళ్టి నుంచి మానెయ్యండి, ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పండి. ఒకసారికి రెండిట్లో ఏదైనా ఒకటే వాడాలి, రెండోది వాడాల్సి వస్తే ముందు నీళ్ళు బాగా కొట్టి కడగాలి.

మాది పాలకొల్లు. తాతల నాటి నుంచి బట్టలు ఉతికే ఇల్లు. మా నాన్న కాలవ రేవులో ఉబ్బ వేసేవాడు. నేను చాలా ఏళ్ళు ఒక నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్ గుడ్డలు ఉతికాను. ఇప్పుడు ఇస్త్రీ షాపు, పట్టుచీరల పాలిష్, డ్రైక్లీనింగ్. రక్తం మరక గురించి నాకు తెలిసింది మొత్తం చెబుతాను, మీరు కంగారు పడకండి.

ఉబ్బ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. బట్టల్ని సోడా నీళ్ళలోనో చవుటి నీళ్ళలోనో ముంచి, బాన మీద గూడులా పేర్చి, కింద పొయ్యి రాజేసి రాత్రంతా ఆవిరి పట్టించేవాళ్ళు. మసి, జిడ్డు, చెమట, ఏదైనా ఆ ఆవిరికి కదిలిపోయేది. రక్తం మాత్రం కదిలేది కాదు. అందుకే మా నాన్న ఉబ్బ కట్టేముందు ప్రతి గుడ్డా విప్పి వెలుగుకి ఎత్తి చూసేవాడు. పురిటింటి బట్టలు, దెబ్బలు తగిలినవాళ్ళ బట్టలు విడిగా తీసి కాలవ నీళ్ళలో జాడించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. "నెత్తురు గుడ్డ ఉబ్బకెక్కితే మళ్ళీ దిగదురా" అనేవాడు.

కారణం నర్సింగ్ హోమ్‌లో డాక్టరుగారు చెబితే తెలిసింది. రక్తానికి ఎరుపు ఇచ్చేది హిమోగ్లోబిన్. అది ప్రోటీను, దాంట్లో ఇనుము ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎలా గట్టిపడుతుందో ఈ ప్రోటీను కూడా అలాగే గట్టిపడి నూలు పోగుల్లో ఇరుక్కుపోతుంది. వేడి అంటే వేడినీళ్ళు ఒక్కటే కాదు. ఇస్త్రీ పెట్టె వేడే, మెషిన్లో వేడి వాష్ వేడే, మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా వేడే. మరక పూర్తిగా పోయేదాకా ఈ నాలుగూ దగ్గరికి రానివ్వకూడదు. నాకు తెలిసినంతలో రక్తం మరకలు పాడైపోయేవన్నీ ఇక్కడే. మందు ఏది వాడారన్నది తర్వాతి మాట.

చీర దగ్గరికి వద్దాం. మీరు నీళ్ళు తగలనివ్వకుండా ఆగడం మంచిదే అయ్యింది, కంగారులో తడిపేసి ఉంటే ఇంకో తిప్పలు వచ్చేది. పట్టు కూడా ప్రోటీనేనండి. రక్తాన్ని కరిగించే ఎంజైముల పౌడరు పట్టుని కూడా తినేస్తుంది. బ్లీచింగ్ తగిలితే పట్టు పసుపెక్కి, పోగులు పొడిపొడిగా తెగిపోతాయి. ఉప్పునీళ్ళు జరీకి పడవు, వెండి నల్లబడుతుంది. అంటే మీ బోరు నీళ్ళు ఈ చీరకి పనికిరావు. తాగే నీళ్ళ క్యాన్ తీసుకోండి.

చీరంతా తడపకండి. మెరూన్ అంచు రంగు దిగి మీగడ రంగు మీదికి పాకితే దాన్ని తియ్యడం నా వల్ల కూడా కాదు. ముందు ఫాల్ కుట్టిన చోట, లోపలివైపు, తడి తెల్లగుడ్డ కాసేపు అదిమి చూడండి. గుడ్డకి మెరూన్ అంటితే అక్కడే ఆపేసి మంచి డ్రైక్లీనరుకి ఇచ్చెయ్యండి. అంటకపోతే ఇలా చెయ్యండి. బల్ల మీద పాత తెల్లపంచె ముక్కని నాలుగు మడతలు వేసి పరవండి. మరక ఉన్న ముఖం కిందికి వచ్చేలా కొంగుని దాని మీద బోర్లా వెయ్యండి. చల్లటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో వెనకవైపు నుంచి అద్దండి. అంచుల నుంచి మధ్యకి రండి, మధ్య నుంచి బయటికి వెళితే మరక పెద్దదవుతుంది. కాసేపటికి కింది గుడ్డలో గోధుమరంగు దిగడం మీకే కనపడుతుంది. దిగిన వెంటనే ఆ గుడ్డని జరిపి శుభ్రమైన చోటు పెట్టండి, లేకపోతే దిగింది మళ్ళీ పైకి పీల్చుకుంటుంది. రుద్దొద్దు. ఎంత ఆత్రం వచ్చినా రుద్దొద్దు. తడి పట్టుని రుద్దితే పోగులు లేచిపోయి, మరక పోయినా ఆ చోటు మసకగా కనపడుతూనే ఉంటుంది.

ఒట్టి నీళ్ళకి దిగడం ఆగిపోయాక, ఒక గ్లాసు నీళ్ళలో రెండు చుక్కలు పసిపిల్లల షాంపూ కలిపి అదే పద్ధతిలో అద్దండి. మామూలుగా పట్టుకి కుంకుడుకాయ రసమే వాడమంటాను నేను, కానీ మీది మీగడ రంగు. కుంకుడు రసం సరిగా వడకట్టకపోతే దాని చాయ అంటుకుంటుంది. ఆఖర్న ఒట్టి నీళ్ళతో అద్ది షాంపూ మొత్తం తీసెయ్యండి. తడికీ పొడికీ మధ్య గీత పడకుండా, తడి గుడ్డతో అంచుల్ని బయటికి పలచగా అలా అలా అద్దుతూ పొండి. నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి.

అప్పటికీ మిగిలితే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి, కానీ ఇచ్చేటప్పుడు "ఇది రక్తం" అని నోరు తెరిచి చెప్పండి. చాలామంది మొహమాటపడి చెప్పరు. డ్రైక్లీనింగులో వాడేది నీళ్ళు కాదు, జిడ్డుని కరిగించే ద్రావకం. రక్తం దానికి కరగదు. ముందే చెబితే నీళ్ళతో ఆ చోటు విడిగా తీస్తాం. చెప్పకపోతే మెషిన్లో వేసి, తీసి, ఆవిరి ఇస్త్రీ కొట్టేస్తారు. ఇక దాని పని అయిపోయినట్టే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదండి. మా షాపుకి వచ్చే ఆడపిల్లలు నెలసరి మరకలున్న డ్రస్సులు మడతల్లో దాచి ఇస్తారు, మేం చూసుకోకపోతే ఇస్త్రీ కింద పడి ముదిరిపోతాయి. చిన్న చీటీ రాసి పెట్టినా చాలు.

పంచె, దుప్పటి, పరుపు గురించి రాత్రి కొట్టు కట్టాక రాస్తాను. అప్పటిదాకా పంచెని ఎండకి వెయ్యకండి.

స్టాఫ్ నర్సు, కోనసీమ

అమ్మా, పాలకొల్లు అన్నగారు యాసిడ్ సంగతి చెప్పి మంచిపని చేశారు. నేను నేల గురించి, పెద్దాయన గురించి చెబుతాను.

ముందు పెద్దాయన. రక్తం కారింది కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. స్టెంటు ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే స్టెంటు లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయే ప్రమాదం ఉంది. గుండె డాక్టరుగారిని అడగండి, ఆయన ఎలా చెబితే అలా. ఇంకెప్పుడైనా తెగితే చెయ్యి గుండెకంటే పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో 10 నుంచి 15 నిమిషాలు ఆపకుండా అదిమిపట్టాలి. మధ్యమధ్యలో తీసి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. మీరు కొంగుతో పట్టుకోవడం సరైన పనే. చాలామంది కాఫీపొడి, పసుపు, సున్నం కూరుతుంటారు, అవన్నీ మేం కుట్లు వేసేముందు గంటసేపు కడగాల్సి వస్తుంది. తలకి దెబ్బ తగిలితే మాత్రం, పైకి బాగానే ఉన్నా, ఈ మాత్రలు వాడేవాళ్ళని తప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక గచ్చు. మీ ఇంటి మనిషి రక్తమే అయినా చేతికి గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే పాలిథిన్ కవరైనా తొడుక్కోండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. ఎవరికి ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆసుపత్రిలో మేం ప్రతి రక్తాన్నీ ఒకేలా చూస్తాం. పనిమనిషి చేత తుడిపిస్తుంటే ఆవిడకీ గ్లవ్స్ ఇవ్వండమ్మా, ఈ మాట ముఖ్యంగా చెబుతున్నాను.

ఎండిన చుక్కల మీద తడిపిన పాత న్యూస్‌పేపర్ పరిచి కాసేపు నాననివ్వండి. గోకితే పొడి లేస్తుంది, గోకొద్దు. నానాక ఆ పేపరుతోనే తీసి కవర్లో కట్టి పారెయ్యండి. సబ్బునీళ్ళు చల్లవి వేసి తుడవండి. ఆ తర్వాతే బ్లీచింగ్. రక్తం పచ్చిగా ఉండగా బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా రక్తంతోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా వెళ్ళదు. మేం వార్డులో చేసేది లీటరు నీళ్ళకి సుమారు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే 1 శాతం ద్రావణం. ఇంట్లో ఎండిపోయిన చుక్కలకి అందులో సగం బలం చాలు. పౌడరు కొత్తదై ఉండాలి, మూత తీసి వదిలేసిన పౌడరులో బలం ఉండదు. తేటని వడకట్టి పోసి 10 నిమిషాలు ఉంచి, మామూలు నీళ్ళతో తుడిచెయ్యండి. కిటికీలు తెరిచి పెట్టండి. బట్టల మీద పడనివ్వకండి.

అరుగు మీద కడప రాళ్ళన్నారు. అది సున్నపురాయే. నిమ్మకాయ, వెనిగర్, యాసిడ్, పులుపు ఏది పడినా రాయి పైపొర తినేసి తెల్లటి మచ్చ పడుతుంది, అది మళ్ళీ నునుపు రాదు. తాండూరు రాయికి, మార్బుల్‌కి కూడా ఇదే. రాళ్ళ మధ్య సిమెంటు సందుల్లో దిగి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్ళు వేసి రుద్దండి.

ఉప్పాడ మగ్గం

అక్కా, చీర గురించి ఒక్కటే. జాందానీ బుటా మేం చేత్తో పోగు పోగు ఎక్కించి నేస్తాం. తడిగా ఉన్నప్పుడు బుటా దగ్గర గోరు తగిలినా, గుడ్డ గరుకుగా ఉన్నా ఆ పోగు జరుగుతుంది. అందుకని గరుకు తువ్వాలు వద్దు, పాత మల్లు పంచె లాంటిదే వాడండి. బుటా మీద కాకుండా బుటాల మధ్య ఖాళీలో మొదలుపెట్టండి. జరీ మీద అంటిన రక్తం సులువుగానే వస్తుంది, పట్టు దారమే పట్టుకుంటుంది.

రాజోలు కోడలు

అందరికీ ఎంత చెప్పుకున్నా తక్కువేనండి. మెరూన్ అంటలేదు. క్యాన్ నీళ్ళతో మధ్యాహ్నం నుంచి కూర్చుని అద్దుతున్నాను. కింద పరిచిన గుడ్డ నిజంగానే గోధుమరంగు అయ్యింది. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, గుడ్డ జరపాల్సినప్పుడల్లా మంచి చేత్తో ఆయనే జరుపుతున్నారు. సగానికి సగం పోయింది. రాత్రి అన్నం తిన్నారు.

గచ్చు కూడా నర్సు గారు చెప్పినట్టే చేశాం. పంచె మీది నలుపు మాత్రం అలాగే ఉంది. పాలకొల్లు అన్నయ్య గారూ, మీ కోసం చూస్తున్నాం.

పాలకొల్లు ఇస్త్రీ షాపు

కొట్టు కట్టేశానండి, ఇప్పుడే చూశాను. పెద్దాయన అన్నం తిన్నారంటే సగం పని అయినట్టే.

పంచె మీది నలుపు రక్తం కాదు చెల్లెమ్మ గారూ. అది కొబ్బరి కర. పచ్చి పీచులోంచి కారే రసంలో టానిన్ ఉంటుంది, దానికి ఇనుము తగిలితే నల్లబడిపోతుంది. పూర్వం రాసుకునే సిరా కూడా ఇలాగే టానిన్, ఇనుము కలిపి చేసేవాళ్ళట. మీ దగ్గర ఇనుముకి కొదవేముంది? గునపం ఇనుమే, బోరు నీళ్ళలో ఇనుమే, రక్తంలోనూ ఇనుమే. ఒలుపు పనివాళ్ళ లుంగీలు తొడ దగ్గర నల్లగా ఉండేది ఇందుకే. అంబాజీపేట వైపు నుంచి ఎవరైనా బట్టలు తెస్తే ఆ మచ్చ చూడగానే ఏ పనిచేసేవాళ్ళో చెప్పెయ్యగలను.

కాబట్టి ఆ పంచె మీద రెండు రకాల మరకలున్నాయి, వరస తప్పకూడదు. ముందు రక్తం సంగతి తేల్చండి. బోరు నీళ్ళు కాకుండా కాలవ నీళ్ళో క్యాన్ నీళ్ళో పోసి, ఎంజైములున్న బట్టల పౌడరు వేసి రాత్రంతా నానబెట్టండి. ఎంజైములు ఉన్నదీ లేనిదీ ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది. నీళ్ళు మామూలు చల్లదనంతో ఉంటే చాలు. ఎంజైముకి టైము కావాలి, పది నిమిషాల్లో తీసేస్తే ఏమీ జరగదు. పొద్దున్న జాడించి చూడండి, పసుపు చాయలో చాలాభాగం పోతుంది. పంచె నూలు కాబట్టి ఈ పౌడరుకి భయం లేదు.

అప్పుడు నిమ్మకాయ. భీమవరం ఆయన చెప్పిన నిమ్మకాయకి సమయం ఇది. నల్ల మచ్చల మీద నిమ్మరసం, ఉప్పు అద్ది నీడలో అరగంట ఉంచండి. పులుపు ఇనుముని కరిగిస్తుంది, నలుపు వెలిసిపోతుంది. రక్తంలోంచి మిగిలిన తుప్పురంగు కూడా దీనికే పోతుంది. బాగా జాడించి, పులుపు మిగలకుండా చూసుకోండి. ఆ పంచెకి తర్వాత ఎప్పుడైనా బ్లీచింగ్ పెడితే పులుపు, బ్లీచింగ్ కలవకూడదు.

ఇంకా చాయ ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో పుండ్లు కడిగే మందు అంటే ఇస్తారు. సీసా మీద 6 శాతం అనో 20 వాల్యూమ్స్ అనో ఉంటుంది. సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. మరక మీద పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. రక్తంలో ఉన్న ఎంజైము దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆ నురగ అదే. నురగ ఆగాక జాడించెయ్యాలి. మరిచిపోయి దాని మీద అలాగే ఆరనిచ్చారంటే గుడ్డ బలం పోతుంది. ముఖ్యంగా ఇనుము మచ్చ ఉన్న చోట పెరాక్సైడ్ ఎక్కువసేపు ఉంటే ఆ ఇనుము దగ్గరే మందు ఉధృతమై చిన్న చిన్న చిల్లులు పడతాయి. అందుకే నిమ్మకాయతో ఇనుము తీశాకే పెరాక్సైడ్ అని వరస చెప్పింది. థియేటర్ గుడ్డల్లో ఈ చిల్లులు నేను చాలా చూశాను. రంగు బట్టలకి దీన్ని వాడేముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి చూడాలి. మిగిలిన కలుపు నీళ్ళని సీసాలో పోసి బిగించకండి, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది.

నీలిమందు, గంజి అన్నీ పని పూర్తయ్యాకే. పసుపు చాయని కప్పెట్టడానికి నీలి ఎక్కువ వేస్తే పచ్చబారిపోతుంది.

దుప్పటి గురించి నిజం చెబుతాను. మరిగే నీళ్ళు పడ్డాక పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. అయినా వదిలెయ్యకండి. ఎంజైము పౌడరులో రాత్రంతా, పొద్దున్న పెరాక్సైడ్, జాడింపు. మళ్ళీ ఇంకో రాత్రి. గట్టిపడిన ప్రోటీనుని కూడా ఎంజైము నెమ్మదిగా తింటుంది. ప్రతిసారీ కాస్త వెలుస్తుంటే కొనసాగించండి, ఇక మారట్లేదు అనిపిస్తే ఆపెయ్యండి. ఆడపడుచు గారిని ఏమీ అనకండి, ఆ కంగారులో ఎవరైనా అదే చేస్తారు.

పరుపుని తడపొద్దు. బూరుగుదూది లోపల తడిసిందంటే ఉండలు కట్టి, ఈ శ్రావణం ముసురుకి ఆరక వాసన పట్టేస్తుంది. వంటసోడాలో నాలుగు చుక్కలు చన్నీళ్ళు వేసి ముద్దలా చేసి మరక మీద పట్టించండి. ఆరాక దులిపి, తడి గుడ్డతో అద్దండి. మళ్ళీ పట్టించండి. లోపలికి ఇంకిందని అనుమానంగా ఉంటే పక్క కుట్టు జానెడు విప్పి చెయ్యి పెట్టి చూడండి. ఎర్రబడిన దూది పిడికెడు ఉంటే తీసి పారెయ్యడమే మంచిది, దాన్ని కడిగి ఆరబెట్టడం అయ్యే పని కాదు. అంత దూది పోయినా పరుపుకి ఏం కాదు.

ఆకివీడు రైతు

అన్నా, దీంట్లోనే నాదీ ఒకటి. నాట్లు వేస్తుంటే జలగ పట్టింది, పీకేశాక గంటసేపు రక్తం కారుతూనే ఉంది. ఖాకీ నిక్కరు నిండా బురద, రక్తం కలిసిపోయి ఉన్నాయి. ముందు ఏది తియ్యాలి?

పాలకొల్లు ఇస్త్రీ షాపు

జలగ ఉమ్ములో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది బాబూ, అందుకే అంతసేపు కారుతుంది. బురద మామూలుగా ఆరబెట్టి దులిపి ఉతకాలి. కానీ రక్తం కలిసింది కాబట్టి ఆరనివ్వద్దు. పారే నీళ్ళలో నిక్కరు తిరగేసి, లోపలివైపు నుంచి నీళ్ళు పోసి కొట్టండి. బురదా రక్తమూ రెండూ చన్నీళ్ళకే కదులుతాయి. తర్వాత పౌడరులో రాత్రంతా. ఖాకీకి పెరాక్సైడ్ వద్దు, ఆ చోటు తెల్లబడుతుంది.

రాజోలు కోడలు

పంచె తెల్లగా వచ్చింది అన్నయ్య గారూ! నిమ్మకాయకి నలుపు మాయమైపోయింది, పెరాక్సైడ్ దాకా వెళ్ళనే లేదు. దుప్పటి రోజురోజుకీ కాస్త వెలుస్తోంది. పరుపు పైపైనే, దూదికి తగల్లేదు. చీరకి మాత్రం సన్నటి గోధుమ గీత ఒకటి మిగిలింది, మరక అంచు ఉన్న చోట. ఇక నేను ముట్టుకోవడానికి భయంగా ఉంది. మీ దగ్గరికి తీసుకురావచ్చా?

పాలకొల్లు ఇస్త్రీ షాపు

తప్పకుండా తీసుకురండి. ఇక మీరు ఏమీ చెయ్యొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. పాలిథిన్ కవర్లో పెట్టకండి, లోపల చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. పాత నూలు గుడ్డలో వదులుగా చుట్టండి. గీత ఉన్న చోటుకి పక్కన తెల్లదారంతో వదులుగా ఒక కుట్టు వేసి గుర్తు పెట్టండి, కొంగంతా బుటాలే కదా, దీపం కింద వెతుక్కోవడం కష్టం. ఇంతవరకు ఏమేం వాడారో, నీళ్ళు, షాంపూ, అంతేనా ఇంకేమైనా ఉందా, చీటీ మీద రాసి లోపల పెట్టండి. ఆదివారం కొట్టు ఉండదు, సోమవారం పొద్దున్నే వస్తే వెలుతురులో మీ ముందే చూస్తాను. రాగలిగితే పెద్దాయన్ని కూడా తీసుకురండి.